అయిదు దాటిన మూడు నిమిషాలు

మాది తిరుత్తణిలో మగ్గాల వీధి. పొద్దున్నే పడుగు నూలును వీధి పొడవునా సాగదీసి, కుంచెతో గంజి పట్టించి, ఎండ ముదిరేలోపు చుట్టేసేవాళ్లు. ఆ గంటసేపు వీధిలోకి సైకిల్ కూడా వచ్చేది కాదు.

ఊళ్లో ట్రాఫిక్ చక్కబెట్టడానికని వచ్చిన ఇంజనీరు పళ్ళిపట్టు పోయే బస్సుల్ని మా వీధికి మళ్లించాడు. పొద్దున ఒక్క గంట ఆపమని నాయన ఆయన జీపు పక్కన నిలబడి బతిమాలాడు. రోడ్డుండేది బండ్లు పోవడానికని తమిళంలో చెప్పి ఆయన అద్దం ఎత్తేశాడు. ఆ వారమే ఒక బస్సు మా పడుగును తెంపుకుపోయింది. నాయన మగ్గం విప్పేసి, తిరువళ్లూరు దగ్గర ఫ్యాక్టరీలో వాచ్‌మన్‌గా చేరాడు. కుంచె మాత్రం అటక మీద దాచుకున్నాడు. నేను ఆ ఇంజనీరు మొహం మరచిపోలేదు.

ఇప్పుడు తిరువళ్లూరులో రోడ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో నాకు ఉద్యోగం. ఈమధ్య తిరుత్తణి బస్సు దారుల కొత్త పటం గీశాను. ఆ ఇంజనీరు రిటైరై అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. పైవాళ్లు వేయమన్న దారి సరిగ్గా ఆయన గేటు ముందునుంచే పోతోంది. చూడగానే నా కడుపు చల్లబడింది. అభ్యంతరాలు రాసివ్వడానికి వారం గడువు, ఆఖరి రోజు అయిదింటి వరకు. ఆ అర్జీలు తీసుకునే పని నేనే అడిగి వేయించుకుని, వారమంతా తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను.

ఆఖరి రోజు వచ్చాడు, భార్యను చెయ్యి పట్టి మెట్లెక్కించుకుంటూ. అయిదు దాటి మూడు నిమిషాలు. ఆమెకు మోకాళ్ల నొప్పులట, పొద్దున గేటు ముందు నాలుగడుగులు వేయడమే ఆమెకున్న నడకట. ఆ ఒక్క గంట బస్సులు ఆపితే చాలన్నాడు. నేను రిజిస్టరు మూసి, అప్పటి ఆయన మాటే ఆయనకు తమిళంలోనే అప్పజెప్పాను.

"రోడ్డు ఇరుక్కరదు వండి పోరదుక్కు సార్."

ఆయనకు నేనెవరో తెలియలేదు. అది ఇంకా మండించింది. వాళ్లు మెట్లు దిగడానికి చాలాసేపు పట్టింది. కిటికీ దగ్గర నిలబడి చివరిదాకా చూశాను. పాపమనిపించిందని రాస్తే అబద్ధం.

అటునుంచి అటే ఫ్యాక్టరీ గేటుకు పోయి నాయనకు అంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను.

"మన వీధికి రాసిచ్చినావా పాపా?" అన్నాడు. "పొద్దున గంటసేపు బస్సులు ఆపమని?"

మా వీధి దారి కూడా అదే పటంలో ఉంది. గీసింది నేనే. వారమంతా ఆ బల్ల దగ్గరే, చేతిలో పెన్నుతోనే కూర్చున్నాను.

"గడువు అయిపొయినాది నాయనా."

ఎప్పుడని అడిగాడు.

"అయిదింటికి."