ఉల్లిపాయల యాసామాకు యజమాని

ఆఖరి సోమవారం నాడు కూడా సంతలో యాసామా గిందో చెయ్యవలసిన పనే చేసింది. కొమూసా తియెంతా వస్తుంటే దూరం నుంచే చూసి, తలగుడ్డ చెంగుతో ముక్కు మూసుకుని, ఉల్లి ఉండల బుట్టను రెండో పక్కకి జరిపింది.

"తప్పుకోండమ్మా, తప్పుకోండి. చేపల గంప నడిచొస్తోంది."

"నీ ఉల్లి కంపుకి చచ్చిన చేప కూడా లేచి పారిపోద్ది," అన్నాడు తియెంతా. "దొర వస్తే లేచి నిలబడాలని తెలీదూ, బానిసదానా?"

"లేవలేను దొరా. ఈ మోకాళ్ళు తమ సొమ్మే కదా, తమరే వచ్చి లేపండి."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పడిపడి నవ్వారు. తియెంతా పక్కకి తిరిగి ఉమ్మి, పనికి పోయాడు. మరునాడు తెల్లవారింది కానీ ఆమె లేవలేదు.

యాసామాది దోగోన్ తెగవాళ్ళ కొండ. కరువు ఏడాదిలో మొగుడితో కలిసి ఈ జెన్నే ఊరు చేరింది. మొగుడు జ్వరంతో పోతే, దంచి ఎండబెట్టిన ఉల్లి ఉండలమ్మి ఇద్దరు కూతుళ్ళకి పెళ్ళిళ్ళు చేసింది. తియెంతా చేపలు పట్టే బోజో తెగవాడు, పనికి తాపీ మేస్త్రి. దోగోన్‌లకీ బోజోలకీ తాతల నాటి వరస ఒకటి ఉంది. ఒకరినొకరు పెళ్ళాడకూడదు, ఒకరి రక్తం ఒకరు చిందించకూడదు, ఎదురుపడితే మాత్రం తిట్టుకుని తీరాలి. నువ్వు నా బానిసవంటే కాదు నువ్వే నా బానిసవనాలి. అలిగినవాడు ఓడినట్టు. యాసామాకి బోజో భాషలో వచ్చినవి తిట్లొక్కటే. అవన్నీ తియెంతా నేర్పినవే. ఉచ్చారణ బాగోలేదని సరిదిద్దేవాడు కూడాను.

ఇలాంటి ఊళ్ళోకి కిందటి ఎండాకాలం ఒక యాత్రికుడు దిగాడు. మూడు రోజులున్నాడు. రెండు రోజులు కడుపునొప్పితో పడుకున్నాడు. మిగిలిన ఒక్క రోజులోనే నగరమంతా అర్థమైపోయింది మహానుభావుడికి. తన దేశం వెళ్ళి పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ఆయన్ని ఊళ్ళో తిప్పిన గైడు బాద్రా, ఆ వ్యాసం ఫోనులో రాగానే తియెంతా అరుగు మీద కూర్చుని, చదివి అర్థం చెప్పాడు.

"ఈ మట్టి నగరంలో కాలం నిద్రపోతోంది. పురాతన మసీదు నీడలో ఒక ముసలి యజమాని తన ముసలి బానిసను అందరి ముందూ తిడుతున్నాడు. ఆమె నవ్వుతోంది. ఆ నవ్వులో ఎన్ని శతాబ్దాల దుఃఖం!"

"దుఃఖమా?" అని లేచాడు తియెంతా. "ఆవేళ అది నాకు కుళ్ళిన ఉల్లిపాయలు అంటగట్టింది. అందుకు నవ్వింది! కాలం నిద్రపోతోందట. ఏటా వానకి గోడ కరిగి వీధిలోకి పోతుంటే, నిచ్చెనెక్కి మళ్ళీ మెత్తేది వాడి తాతా?"

ఏం లాభం? వ్యాసంతో పాటు అతని బొమ్మ కూడా పడింది. తరవాత వచ్చిన యాత్రికులు మసీదును చూసినంతసేపూ అతన్నీ చూశారు, కాకపోతే పాముని చూసినట్టు. ఒకావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని తన మెడలోని పట్టుగుడ్డ తీసి యాసామా చేతిలో పెట్టి, ధైర్యంగా ఉండమంది. యాసామా ప్రతి సోమవారం అదే చుట్టుకుని వచ్చేది. "నా విముక్తి గుడ్డ" అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చూపించేది.

ఊళ్ళో సగం గోడలు మెత్తిన చేతులు తియెంతావి. ప్రపంచానికి మాత్రం అతను బానిసల్ని ఏలుకునే ముసలాడు. పోయేలోగా ఆ మచ్చ చెరిగిపోవాలని అతని తపన. ఒక రోజు పంతం మాని బతిమాలుకున్నాడు కూడా.

"ఒసేయ్, ఒక్క మాట చెప్పు. ఇది మా ఎకసెక్కం, ఆ రాసింది అబద్ధం అని బాద్రాకి చెప్పు. వాడు ఆ పత్రికకి రాస్తాడు."

"నేనెలా చెప్తాను దొరా?" అంది యాసామా, కళ్ళు దించుకుని. "బానిసకి నోరుంటుందా?"

దానికి జవాబు వెతుకుతూ అతను ఎన్ని గోడలు మెత్తాడో. ఎట్టకేలకు పై సోమవారానికని మంచి మాట ఒకటి కుదుర్చుకున్నాడు. అంతలోనే ఆమె పోయింది.

శవాన్ని చాపలో చుట్టి పాడె మీద పెట్టారు. మోసేవాళ్ళు వంగేసరికి, తియెంతా వచ్చి గుమ్మానికి అడ్డంగా పడుకున్నాడు. రాజధానిలో ఉద్యోగం చేసే యాసామా మేనల్లుడు సిగ్గుతో చచ్చిపోయాడు.

"పెద్దయ్యా, లేవండి. ఇప్పటికే పేపర్లకెక్కాం."

"నా సొత్తును నన్నడక్కుండా ఎక్కడికి మోసుకుపోతున్నార్రా?" అని అరిచాడు తియెంతా. "నలభై ఏళ్ళ నుంచీ ఒక్క పనీ చెయ్యలేదు. ఇప్పుడు పనెగ్గొట్టి మట్టిలో దాక్కుందామనుకుంటోంది! పోనీ పొమ్మనండి. ఆ మట్టి మెత్తేది కూడా నేనే. మధ్యాన్నం ఎండ సరిగ్గా మొహమ్మీద కొట్టేట్టు మెత్తుతాను!"

ఏడుస్తున్న కూతుళ్ళు ఫక్కున నవ్వి మళ్ళీ ఏడ్చారు. పెద్దది వక్కల్లా నమిలే కోలా కాయలు తెచ్చి అతని గుప్పిట్లో పోసింది. శవానికి అడ్డం పడ్డ వరసవాడికి చెల్లించాల్సింది అదే. అప్పుడు లేచాడు. పాడె ముందుకొమ్ముని భుజానికెత్తుకుని, దారి పొడుగునా ఆమెని సోమరిపోతని తిడుతూనే ఉన్నాడు. సమాధి పూడ్చాక చేతులు దులుపుకుంటుంటే మొదటిసారి గుండె కాస్త తేలికపడింది. చివరి మాట తనదే.

తిరిగొస్తుంటే బాద్రా పక్కన చేరాడు.

"పెద్దయ్యా, యాసామా ఒట్టేయించుకుంది కాబట్టి ఇన్నాళ్ళూ చెప్పలేదు."

"ఏం ఒట్టు?"

"ఆ రోజు ఆ యాత్రికుడు నా చేత ఆమెనే అడిగించాడు, ఈయన నిజంగా నీ యజమానా అని. నేను ఉన్న సంగతి చెప్పబోతుంటే నా మోచెయ్యి గిల్లింది. మొహం దీనంగా పెట్టుకుని, 'అవును నాయనా, బుట్టెడు ఎండుచేపలిచ్చి నన్ను కొన్నాడు. అందులో సగం పురుగులు పట్టినవే' అని చెప్పమంది. చెప్పాను. పురుగుల సంగతి మాత్రం అతను రాసుకోలేదు."