కోకిల కాదు, కైకిలి

రజని కవితలో కోకిల ఎక్కడా లేదు. ఎమ్మే తెలుగు రెండో ఏడాది చదువుతున్న ఈ దంతాలపల్లి పిల్లకు కోకిల మీద రాయాలన్న ఆలోచన కలలో కూడా రాలేదు. అయినా యూనివర్సిటీ వార్షిక సంచికలో ఆమె పేరుతో అచ్చయిన కవిత ‘కోకిల పాట’. మొదటి బహుమతి కూడా దానికే వచ్చింది.

ఆమె రాసింది ‘కైకిలి పాట’. కైకిలి అంటే కూలి పని. రజని పుట్టకముందు నుంచీ తల్లి చిలుకమ్మ పోతున్నది కైకిలికే. నాట్లకు, కలుపుకు, పత్తి ఏరడానికి. ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన పెద్దమనిషి ఎవరో గానీ, ఆ మాట చెవిన పడని పుణ్యాత్ముడు. పాపం ఈ పిల్లకు కోకిల అని రాయడం కూడా రాదని జాలిపడి, ఉన్నచోటల్లా దిద్దిపెట్టాడు. విచిత్రమేమిటంటే కవిత ఎక్కడా కుంటుపడలేదు. ‘పొద్దు పొడవకముందే కైకిలి పిలుస్తది’ అన్నచోట కోకిల పిలిచింది. ‘కైకిలి రెక్కల మీదనే నా సదువు’ అని తల్లి రెక్కల కష్టం గురించి రాస్తే, ఆ రెక్కలు కాస్తా పిట్టవైపోయాయి.

మెస్‌లో పప్పు కోసం నిలబడ్డ లైనులోనే అభినందనలు మొదలయ్యాయి. వసంతాన్ని కళ్లకు కట్టావన్నాడు ఒక రీసెర్చ్ స్కాలర్. భూపాలపల్లి నుంచి వచ్చిన రూమ్మేట్ వర్ష మాత్రం పళ్లెం పట్టుకుని పడీపడీ నవ్వింది. చిలుకమ్మ బిడ్డవు, కోకిల మీద రాయక కాకి మీద రాస్తావా అని ఆటపట్టించింది. రజనికి నవ్వు రాలేదు. ఒళ్లు మండిపోయింది.

మండదా మరి! కైకిలి అన్న మాట బయటపెట్టడానికి ఆమెకు ఏడాది పట్టింది. చేరిన కొత్తలో క్లాసులో అందరూ ఇంటి సంగతులు చెప్తుంటే, మా అమ్మ వ్యవసాయం చేస్తుందని పుస్తకం భాషలో అనేసి కూర్చుంది. ఆ తర్వాత టిఫిను, అటెండెన్సు, ఛందస్సు, ఇంటర్నల్సు, మళ్లీ మెస్ గంట. ఎమ్మే అంటే ఇంతేనా, ఇంటికి పోదామా అనిపించిన రోజులూ ఉన్నాయి. ఒకరోజు గణాలు లెక్కపెడుతుంటే వేళ్లు వాటంతట అవే తల్లి పాడే నాట్ల పాట వరసకు కదిలాయి. నోట్సు రాస్తున్నట్టు నటిస్తూ ఆ క్లాసులోనే కవిత రాసేసింది. రాశాక ఆ మాట చూసి సిగ్గుపడలేదు. ఇక్కడికి చదువుకోవడానికి ఎందుకు వచ్చిందో అప్పుడు తెలిసింది.

సంచిక పట్టుకుని మెస్ నుంచి నేరుగా దాని సంపాదకుడు జగపతి సార్ గదికి పోయింది. సార్‌ది కొడకండ్ల. కైకిలి తెలియని మనిషి కాదు, ఆయన తల్లీ కైకిలికి పోయిన మనిషే. తప్పు జరిగిందని ఒప్పుకున్నాడు, బాధపడ్డాడు, చాయ్ కూడా తెప్పించాడు. కానీ బహుమతుల సభకు ముఖ్య అతిథిగా వచ్చే పెద్ద కవి ఆ కోకిలనే మెచ్చి బహుమతికి ఎంపిక చేశాడట. ఇప్పుడు కాదంటే డిపార్టుమెంటు పరువు పోతుందట. సభలో అచ్చయిందే చదవమన్నాడు.

“జర సమజ్ చేసుకో బిడ్డా. గెలిచింది నువ్వే గద. పేరు నీదే.”

“పేరు నాదే సార్. అవ్వనే నాది కాకుండ పోయింది.”

ఆమె చాయ్ ముట్టకుండా లేచి వచ్చింది.

అసలు చిక్కు అక్కడే. నీ మీద రాసిన అవ్వా అని తల్లికి ముందే ఫోన్‌లో చెప్పుకుంది. చిలుకమ్మకు చదువు రాదు, చెవులతో వినాల్సిందే. అందుకని ఆ రోజు కైకిలి మాని, పెట్టెలో దాచిన చీర కట్టుకుని, బస్సులు మారి సభకు వచ్చింది. మూడో వరుసలో వర్ష పక్కన, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇప్పుడు మైకులో కోకిల కూస్తే, బిడ్డ ఏదో పిట్ట గురించి రాసిందనుకుని, చప్పట్లు కొట్టి ఇంటికి పోతుంది.

పేరు పిలిచారు. రజని సంచిక తెరవలేదు. కోకిల ఉన్నచోటల్లా కైకిలి అనే చదివింది, ఒత్తి ఒత్తి పలికింది. మొదటి పాదానికే చిలుకమ్మ తల ఎత్తింది. ఆ మాట రెండోసారి వచ్చేసరికి పక్కనున్న వర్ష చేతిని గట్టిగా పట్టుకుంది. వేదిక మీద జగపతి సార్ తన బూట్లు చూసుకుంటున్నాడు.

అతిథి అచ్చు కాగితాన్నీ అమ్మాయినీ మార్చి మార్చి చూసి, నవ్వుతూ మైకు అందుకున్నాడు.

“కోకిల తెలుసమ్మా. ఈ కైకిలి ఏ పక్షి?”

సభ గొల్లుమంది. ఆ నవ్వు ఆగేదాకా రజని ఆగింది.

“పక్షి కాదు సార్. మా అవ్వ చేసే పని. గా మూడో లైన్ల కూసున్నది మా అవ్వ. గా రెక్కలు ఆమెయే.”

ఇక ఎవరూ నవ్వలేదు. అతిథి షీల్డు తీసి ముందుకు చాపాడు. దాని మీద బంగారు రంగు అక్షరాలతో ‘కోకిల పాట’ అని ఉంది. రజని అది చదివింది గానీ చెయ్యి చాపలేదు.

“గిది కోకిలకచ్చింది సార్. దానికే ఇయ్యుండ్రి.”

మెట్లు దిగి వచ్చేసింది. చిలుకమ్మ పక్కకు జరిగి బిడ్డకు చోటిచ్చింది. బహుమతి ఎందుకు వద్దన్నావని అడగలేదు.

“మొదటి ముక్క మల్లొక్కసారి సదువు బిడ్డా,” అంది.

రజని కూర్చోలేదు. మైకు లేకుండానే, వేదిక దాకా వినబడేటట్టు, మళ్లీ చదివింది.