ఫైల్లో రాయని డిస్కు

కంప్యూటర్ పాఠాలు చెప్పే లింగస్వామి క్లాసులోకి రాగానే ఏమంటాడో పిల్లలకు కంఠతా వచ్చు. "ఫైల్ల రాయనిది మిషన్‌కు లేనట్టే. నాకు యాదికుంటది సార్ అంటే నడవదు."

దిల్‌సుఖ్‌నగర్‌లో మా కోచింగ్ సెంటర్ సర్వర్ మీద ముప్పై వర్చువల్ మిషన్లు, అంటే ఒకే కంప్యూటర్ లోపల వేర్వేరు కంప్యూటర్లలా పనిచేసేవి, నడిచేవి. దేనికెంత మెమరీ, ఏ డిస్కు, అన్నీ ఆయన ఒకే ఫైల్లో రాసి పెట్టేవాడు. సర్వర్ పోయినా ఆ ఫైలు ఇస్తే కొత్తది అచ్చం అలాగే తయారవుతుంది. చాదస్తపు మనిషని మేం ఆటపట్టించేవాళ్లం. నేనక్కడ ఇంగ్లీషు చెబుతాను.

ఆయన భార్య యాదలక్ష్మికి గొంతు క్యాన్సర్. ఆపరేషన్ చేస్తే ఇక మాట రాదని దవాఖానలో చెప్పారు. ముందురోజు ఆమెను ల్యాబ్‌లో మైకు ముందు కూర్చోబెట్టాడు. నాలుగేళ్ల కూతురు సంతోషిని పిలిచే పిలుపు, కసిరే మాట, నిద్రపుచ్చే పాట, అన్నీ రికార్డు చేశాడు. సర్వర్‌కు ఒక డిస్కు విడిగా తగిలించి అందులో దాచాడు. ఫైల్లో దాని పేరు రేపు రాద్దామనుకున్నాడు. తెల్లారితే ఆపరేషన్, ఆ సంగతే మరిచాడు. ఇంకో కాపీ ఎందుకు తీయలేదని అడగకండి. పొద్దున క్లాసులు, సాయంత్రం దవాఖాన, ఆ మనిషికి ఊపిరెక్కడిది?

ఆపరేషన్ అయ్యాక రోజూ ఫోన్‌ను సర్వర్‌కు కలిపి ఆ పాట పెడితేనే సంతోషి పడుకునేది.

వేసవిలో సెంటర్ ఎల్బీనగర్‌కు మారింది. ఆ రోజు లింగస్వామి భార్యతో దవాఖానలో ఉన్నాడు. "పరేషాన్ గాకున్రి అన్నా, మీ ఫైలున్నది గద," అని ల్యాబ్ చూసే శ్రీకర్ ఫోన్‌లో ధైర్యం చెప్పాడు. కొత్త సర్వర్‌లో ముప్పై మిషన్లూ లేచాయి. అందరం చప్పట్లు కొట్టాం. ఫైల్లో పేరు లేని పాత డిస్కును పనికిరానిదనుకుని శ్రీకర్ పూర్తిగా తుడిచేశాడు. ఆ చప్పట్లు గుర్తొస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

మర్నాడు ఫోన్‌లో పాట రాలేదు. సంగతి తెలిశాక లింగస్వామి శ్రీకర్‌ను పల్లెత్తు మాట అనలేదు. "నేనే రాయలే తమ్మీ," అన్నాడు. తిట్టినా బాగుండేది.

సాయంత్రం తుర్కయంజాల్‌లోని వాళ్లింటికి తోడు వెళ్లాను. విన్నాక యాదలక్ష్మి పలక తీసి రాసింది. "పాట నీకు యాదికున్నది గద. నువ్వు పాడు."

పాడాడు. ఒక్క మాట తప్పలేదు. సంతోషి చివరిదాకా విని, "గిది నీ గొంతు నాయినా. అమ్మది పెట్టు," అంది.

యాదలక్ష్మి బిడ్డను ఒళ్లోకి లాక్కుని పెదవులు కదిపింది. సంతోషి ఆమె నోటికి చెవి ఆనించి, పాట కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.