తేలిక బాణం

ఒక జింకను, ఒక పెద్దమనిషి ఆఖరి కోరికను ఒకే బాణంతో ఎలా పాడుచేయవచ్చో తెలుసుకోవాలని మీకుంటే, సరైన చోటికే వచ్చారు. అప్పటికి నాకు విల్లు ఏ చేత్తో పట్టుకోవాలో కూడా తెలియదు. సలహా చెప్పడానికి అది అడ్డం కాలేదు.

రెండువేల దశకం మధ్యలో, విజయవాడలో దినపత్రిక డెస్క్ వదిలి, సముద్రాలు దాటి హామిల్టన్ నగరంలో, రోటోటూనా పేటలోని అక్కావాళ్లింటికి చేరాను. బావ ఇంజినీరు. ఏటా ఏప్రిల్‌లో, మగజింకలు జతకోసం అరిచే కాలానికి, విల్లు పట్టుకుని కొండల్లోకి వెళ్లేవాడు. ఆ ఏడు కుడిభుజం పాడైంది. ఆపరేషన్ తర్వాత ఇక విల్లు లాగకూడదని డాక్టర్ చెప్పేశాడు. ఈ ఒక్కసారికి వెళ్లొస్తానని అక్కను బతిమాలి, భుజం తట్టుకునేలా విల్లు బిగువు తగ్గించుకున్నాడు.

నేను రెండు సాయంత్రాలు ఇంటర్నెట్ చదివి నిపుణుణ్ణయ్యాను.

“నీ బరువు బాణాలెందుకు బావా? తేలికవి వెయ్యి. రివ్వున పోతాయి.”

“పోవడం కాదురా, దిగాలి. విల్లులో బలం తగ్గినప్పుడే బాణానికి బరువు కావాలి. పైగా తేలికది వదిలితే విల్లు గట్టిగా మోగుతుంది. జింక ఉలిక్కిపడుతుంది.”

“అది ఉలిక్కిపడేలోపే తగిలేస్తుంది. పేపర్లో మేం నేర్చుకున్నదదే. ముందు చేరినవాడిదే వార్త.”

“మర్నాడు సవరణ వేసుకునేదీ మీరేగా!”

“పోనీలెండి, పాపం కొనుక్కొచ్చేశాడు కదా,” అంది అక్క వంటింట్లోంచి.

అవును, కొనేశాను. దుకాణంలో ఉన్నవాటిలో అన్నిటికంటే తేలికవి, ఏరి మరీ. పెరట్లో బావ చేత అట్టపెట్టె మీద వేయించి చూస్తే మెరుపుల్లా దూసుకుపోయాయి. అట్టపెట్టెకు ఎముకలుండవన్న సంగతి నాకు తట్టలేదు. బావ నా మొహం చూసి, “సరే, నువ్వు తెచ్చావు కాబట్టి,” అన్నాడు.

వేటకు నేనూ వెంట వెళ్లాను. కొండ మీద తెల్లవారాక ఫెర్న్ పొదల్లోంచి మగజింక వచ్చి నిలబడింది. బావ నొప్పికి పళ్లు బిగించి లాగి వదిలాడు. పెళ్లి భోజనాల్లో స్టీలు గ్లాసుల బుట్ట కిందపడ్డట్టు మోగింది విల్లు. జింక చప్పున ఒంగి తిరిగింది. పక్కటెముకల మధ్యకు పోవలసిన బాణం భుజం ఎముకకు తగిలి, లోపలికి దిగకుండా ఆగిపోయింది. జింక బాణంతోనే పరుగెత్తింది.

“తగిలింది బావా!” అని గంతేశాను.

“భుజానికి తగిలిందిరా,” అన్నాడు, తన భుజం పట్టుకుని.

సాయంత్రం దాకా వెతికాం. వానొచ్చి నెత్తుటి చుక్కలను కడిగేసింది. విరిగిన బాణం ముక్క దొరికింది, జింక దొరకలేదు. కారులో ఇంటిదాకా బావ ఒక్కటే మాటన్నాడు: “ఎక్కడ కుంటుతోందో.” నన్ను తిట్టినా బాగుండేది.

ఆపరేషన్ అయింది. విల్లు గరాజ్ గోడకెక్కింది. వేసవిలో పెరట్లోకి వెళితే నేను కొన్న బాణాలన్నీ వరసగా నేలలో పాతి ఉన్నాయి. వాటి మీదికి కాకరపాదు పాకుతోంది. బావ ఎడమచేత్తో నీళ్లు పోస్తున్నాడు.

“ఇప్పటికి వీటికి తగిన పని దొరికిందిరా. దీనికి తొందరేం లేదు.”

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే బావ, జారిన తీగను అందుకోవడానికి కుడిచెయ్యెత్తి, సగంలో దించేశాడు. ఆ తీగ నేను కట్టాను.

కనుక పాఠకుల సమక్షంలో, ఆ కాకరపాదు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఏదైనా ఎంత వేగంగా పోతుందని ఇక అడగను. చేరాక ఏం చేస్తుందని అడుగుతాను. ఆ పాదు కాయలు అక్క కూర వండి వడ్డిస్తే, ఎంత చేదున్నా, మారు వడ్డించుకుని మరీ తింటాను.