గణపతిరావుకి బదులివ్వని మిషను

గణపతిరావు టాటానగర్ స్టేషను అవతలి సిగ్నలు కేబిన్‌లో ఫోను పట్టుకుని ఎన్నో ఏళ్లు బండ్లు వదిలాడు. అక్కడ ఒకటే ధర్మం. ఇటు నుంచి 'బండి వదులుతున్నా' అంటే, అటు స్టేషనువాడు ఆ మాట తిరిగి పలికి, అందినట్టు గుర్తుగా ఓ నంబరు చెప్పాలి. అంతవరకూ ఏమీ జరగనట్టే.

ఆ ధర్మం ఆయన వెంట ఇంటికీ వచ్చింది. టీ గ్లాసు అందుకుంటూ "పంచదార ఏసేవా?" అంటాడు. భార్య ధనమ్మ "ఏసేను" అంటేగానీ గ్లాసు పెదవికి తగలదు. ఓసారి ఆవిడ తలూపి ఊరుకుంటే ఆ టీ తొరక కట్టింది.

పంతొమ్మిది వందల ఎనభై ఏడులో కంటి డాక్టరు, ఈయనకు ఎరుపుకీ పచ్చకీ తేడా తెలియడం లేదని రాసేశాడు. కేబిన్ పోయింది. గూడ్సు ఆఫీసులో కొత్తగా కంప్యూటరు పెట్టాం, నేర్చుకుని నెలాఖరున ఆఫీసరు ముందు చేసి చూపించు, లేదంటే రికార్డు గదిలో కాగితాల కట్టలు మోయాలి, అన్నారు. నిన్నటిదాకా తన మాట మీద బండ్లు ఆగిన చోట కట్టలు నెత్తినెట్టుకు తిరగడం తలచుకుంటే ఆయనకు ముద్ద దిగేది కాదు.

నేర్పేది కుసుమ, గోవింద్‌పూర్ కాలనీ ఇంజినీరుగారి అమ్మాయి, తెలుగులో హిందీ కలిపేస్తుంది. కంప్యూటరున్న ఏసీ గదిలోకి బూట్లు విప్పి వెళ్లాలి. గణపతిరావు మేజోడు బొటనవేలి దగ్గర చిరిగింది. మొదటిరోజంతా ఆ కాలి మీద రెండో కాలు వేసుకునే కూర్చున్నాడు. నల్లటి తెర మీద A అనే అక్షరం, పక్కన బాణం మొన, తర్వాత మినుకుమనే చిన్న గీత.

"ఇది ఏటి రంగమ్మా?"

"గ్రీన్, అంకుల్."

"అయితే లైను క్లియరే."

DIR కొడితే ఉన్న ఫైళ్ల పేర్లన్నీ కనిపిస్తాయనీ, DEL కొట్టి పేరు రాస్తే ఆ ఫైలు పోతుందనీ నేర్చుకున్నాడు. ఓ రోజు కుసుమ "OLD అని ప్రాక్టీసు ఫైలుంది, తీసెయ్యండి, చాయ్ తాగి వస్తా" అని వెళ్లింది.

కొట్టాడు. మిషను గురగురమని ఊరుకుంది. మళ్లీ అదే A, అదే బాణం. అందిందని గానీ, తీసేశానని గానీ ఒక్క ముక్క లేదు. ఇదేం మర్యాద అనుకుని మళ్లీ కొట్టాడు. ఈసారి బదులొచ్చింది: ఫైలు కనబడలేదు.

మేజోళ్లతోనే సూపర్నెంటు సుందరరామయ్య దగ్గరికి పరిగెత్తాడు. "అయ్యా, ఫైలు పోగొట్టేసినాను. నా మీద రాసేయండి."

ఆఫీసంతా లేచి నిలబడింది. కుసుమ చాయ్ గ్లాసుతో వచ్చి, తెర చూసి నవ్వాపుకోలేకపోయింది. "పోగొట్టమనే కదా అంకుల్ చెప్పాను."

గుమాస్తా సీతారాం కిందికి చూశాడు. "ఫైలొక్కటే కాదు గురూగారూ, మేజోడు కూడా పోయినట్టుంది."

నవ్వులు చల్లారాక కుసుమ ఆయన్ని మళ్లీ మిషను ముందు కూర్చోబెట్టి గది తలుపు వేసింది. "అంకుల్, ఇది గల్తీ అయితేనే నోరు విప్పుతుంది. సబ్ ఠీక్ అయితే చుప్."

"చుప్ అంటే నానెలా నమ్మీది? చుప్ అంటే మాకు తీగ తెగిపోయినట్టమ్మా."

కుసుమ కీబోర్డు ఆయన ముందుకు జరిపింది. "అయితే నమ్మొద్దు. DIR కొట్టి చూసుకోండి."

నెలాఖరున ధనమ్మ కొన్న కొత్త మేజోళ్లతో కూర్చున్నాడు. వెనక ఆఫీసరు నారాయణమూర్తి. ఫైలుకి నకలు తీయమన్నాడు. తీస్తే, ఒక ఫైలు నకలైందని మిషను తనే చెప్పింది. గణపతిరావుకి ప్రాణం లేచొచ్చింది. ఇక పాతది తీసెయ్యమన్నాడు. DEL కొట్టాడు.

మిషను నోరు మూసుకుంది.

"అయిందా?" అన్నాడు ఆఫీసరు.

గణపతిరావు D కొట్టాడు. వేలు అలవాటు చొప్పున E మీదికి పోయింది. ఆ వేలు అక్కడే ఆగి, పక్కకి జరిగి I నొక్కింది, ఆ తర్వాత R. పేర్లు బారుగా దిగాయి. ఆయన కళ్లజోడు సవరించుకుని పైనుంచి కిందిదాకా చదివాడు.

"లేదు సార్."

"ఏది లేదు?"

"తీసెయ్యమన్నది సార్."

ఆఫీసరు నవ్వి సంతకం పెట్టాడు.

ఇంటికొస్తే ధనమ్మ ఏమీ అడగకుండా మొహంలోకి చూస్తూ టీ ఇచ్చింది. ఆయన అందుకుని గటగటా రెండు గుక్కలు మింగాడు.

"ప్యాసయ్యేవన్నమాట," అందావిడ.

"నీకెవులు సెప్పినారు?"

"పంచదార ఏసేవా అని అడగనేదు కదా."

మూడో గుక్కకి ఎత్తిన గ్లాసు పెదవి దగ్గరే ఆగింది. "ఏసేవా?"

"నేదు. పొద్దుట్నించీ గాబరాలో మరిసిపోయాను."

ఆయన గ్లాసు ముందుకు చాచాడు. ధనమ్మ రెండు చెంచాలు వేసి, బాగా కలిపి, ఈసారి ఆయన అడక్కుండానే "ఏసేను" అంది.