ముందు సీటు

మా చిన్నప్పుడు ఆదివారం మధ్యాహ్నం, అమ్మ పనిచేసే ఇంట్లో టీవీలో పాత సినిమా వచ్చేది... నలుపూ తెలుపూ. గొప్పింటి అమ్మాయి, పేదింటి అబ్బాయి, మారువేషాలు, ఒకటే పోట్లాటలు, చివర్లో పెళ్ళి.

అయ్యగారు, అమ్మగారు, వాళ్ళమ్మాయి సుజాతమ్మ సోఫాలో కూర్చునేవారు. అమ్మ గడప దగ్గర కత్తిపీట వేసుకుని కూరలు తరిగేది. పక్కనే కింద నేను. మేమూ నవ్వొచ్చు... కాకపోతే వాళ్ళు నవ్వాక.

ఆ ఇంటి కారు నడిపేది మా చిన్నమావయ్య, అమ్మ తమ్ముడు. సుజాతమ్మను కాలేజీకి తీసుకెళ్తూ, దారిలోనే కదా అని నన్ను బడి దగ్గర దింపేవాడు.

ఒక ఆదివారం సినిమాలో జమీందారు కూతురు వెనక సీటు దిగొచ్చి డ్రైవరు పక్కన కూర్చుంది. అతను కంగారుపడి కారును గడ్డివాములోకి పోనిచ్చాడు. అయ్యగారు పొట్ట పట్టుకుని నవ్వారు. నాకూ ఏదో ఒకటి చెప్పి వాళ్ళను నవ్వించాలనిపించింది.

"మా మావయ్యయితే అలా గుద్దడండీ. సుజాతమ్మగారు రోజూ ముందే కూర్చుంటారు" అన్నాను.

అమ్మ చేతిలో వంకాయ ఆగిపోయింది.

అయ్యగారు నవ్వుతూనే నా వైపు తిరిగారు. పళ్ళెంలోంచి ఒక జంతిక తీసి ఇచ్చారు.

"ఎక్కణ్ణించి కూర్చుంటుందే బుజ్జీ?"

"రైలు గేటు దాటాకండీ. అప్పుడు వెనక సీటంతా నాదే."

"ఓహో! మరి వాళ్ళిద్దరూ ఏం చేస్తారే?"

"నవ్వుకుంటారండీ."

ఆయన నాతో అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి... ఇంకో జంతిక ఇచ్చారు. పుల్ల ఐసు ఇద్దరూ చెరో కొరుకూ తిన్న సంగతి కూడా చెప్పేశాను.

"ఏమ్మా?" అన్నారు కూతురితో.

సుజాతమ్మ టీవీ మీంచి చూపు తిప్పలేదు. "వాడే కూర్చోమన్నాడు నాన్నా" అంది.

అయ్యగారు లేచి చెప్పులు వేసుకున్నారు. "కాస్త సౌండు పెంచు" అన్నారు అమ్మగారితో. మావయ్య అప్పుడు పెరట్లో కారు కడుగుతున్నాడు...

సినిమా చివరిదాకా అంత సౌండుతోనే నడిచింది. మధ్యలో మావయ్య కేక వినపడితే అమ్మగారు ఇంకొంచెం పెంచారు. అమ్మ లేవలేదు. వంకాయలన్నీ అయిపోయేదాకా తరుగుతూనే ఉంది. తెర మీద జమీందారు తన కూతురి చెయ్యి తీసి డ్రైవరు చేతిలో పెట్టాడు.

మావయ్య కుడిచెయ్యి సరిగా అతకలేదు. మళ్ళీ స్టీరింగు పట్టలేదు. అమ్మకు ఆ ఇంట్లో పని పోయింది. నన్ను చదివించేది వాళ్ళే కాబట్టి నా చదువు ఐదో తరగతితో ఆగింది. మావయ్య నన్ను ఒక్క మాట అనలేదు. అమ్మే అడిగింది, ఒకే ఒక్కసారి...

"జంతికలు బాగున్నాయా?"

అప్పట్నించీ నలుగురిలో నాకు నోరు పెగలదు.

ఇప్పుడు జర్మనీలో, జిండెల్ఫింగెన్ అనే ఊళ్ళో ఉంటున్నాం. మా ఆయన రెస్టారెంటులో వంట చేస్తారు. మొన్న నాకు డాక్టరు దగ్గర టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, ఉంటే, కింది అంతస్తులో ఉండే తెలుగావిడ తన కారులో తీసుకెళ్ళింది. కార్ల కంపెనీలో ఇంజినీరు ఆవిడ. నేను అలవాటుగా వెనక తలుపు తీశాను.

"అదేంటమ్మాయ్, నేనేమన్నా నీ డ్రైవర్నా? ముందుకి రా!" అని నవ్వింది.

వెళ్ళి కూర్చున్నాను. అద్దం దించితే ముఖానికి గాలి ఎంత హాయిగా తగిలిందో... సుజాతమ్మది ప్రేమో, ఈ గాలి కోసం కూర్చుందో, నాకు ఇప్పటికీ తెలియదు. దేనికైనా విరిగింది మావయ్య చెయ్యే.

ఇక్కడ ఎవరి కారు వాళ్ళే నడుపుకుంటారు. ఆ సినిమాలు ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతాయి, ఎవరి సౌండు వాళ్ళ చేతిలోనే... మా ఆయన పెట్టుకుని నవ్వుతుంటే నేను వంటింట్లోకి వెళ్ళిపోతాను.

మీ ఇళ్ళలో ఆదివారం సినిమా ఎవరెవరు చూసేవారు? సోఫాలో వాళ్ళ సంగతి వద్దులెండి... గడప దగ్గర కూర్చున్నవాళ్ళు గుర్తుంటే, వాళ్ళ గురించి రాయండి.