దేవరాజులు మెరుగు పెట్టిన రివాల్వరు

“...కాల్చి సూసుకోండి సార్ అని తుపాకి చేతికిచ్చింది నేనే. ఇప్పుడు నన్నే అడుగుతాండారప్పా, ఇది నీదేనా అని.”

పుంగనూరు పోలీస్ స్టేషన్ ఎదురుగా టీ అంగడి బల్ల మీద కూర్చుని దేవరాజులు అంటున్నాడు. పక్కనున్నది డేనియల్, మదనపల్లెలో గడియారాలు బాగుచేసే మనిషి. వారానికోసారి కుప్పం పోయి అక్కడి అంగళ్లలో ఆగిపోయిన గడియారాలు చూసొస్తుంటాడు. బస్సు కిటికీలోంచి దేవరాజులు ముఖం చూసి, ఈరోజు కూడా స్టేషన్లోంచి ఉత్త చేతులతోనే బయటికొచ్చినట్టుందని దిగేశాడు. ఎదుటి మనిషి చెప్పుకుంటూ పోతే గంటలకొద్దీ వినే ఓపిక అతనిది.

దేవరాజులు పట్టాళంలో సిపాయిగా చేసి వచ్చినవాడు. వచ్చినాక లైసెన్సు తెచ్చుకుని ఒక రివాల్వరు కొన్నాడు. ఆ రివాల్వరును చూసే కుప్పం దగ్గర గ్రానైట్ క్వారీవాళ్లు కాపలాకు పెట్టుకున్నారు. తుపాకి ఉంటేనే ఆ పని. అది పోలీసుల దగ్గరికి పోయినప్పటి నుంచి ఇంకొకణ్ణి తాత్కాలికంగా పెట్టారు. ఈ నెలాఖరుకు తుపాకి రాకపోతే ఆ ఇంకొకడే ఖాయం.

“మొదట్నించి చెప్పన్నా,” అన్నాడు డేనియల్.

“మొదలంటే తొంభై తొమ్మిది. అప్పుడొక పోలీసాఫీసరు వచ్చినాడు. గుండు బయటికి పోయేటప్పుడు గొట్టం లోపల రాసుకుని దాని మీద గీతలు పడతాయంట. ఒక్కో తుపాకిది ఒక్కో తీరంట. లైసెన్సు ఉండే చేతి తుపాకులన్నీ ఒకసారి కాల్చి, ఆ గుండ్లు దాచిపెడితే, రేపు యాడన్నా కాల్పులు జరిగితే ఎవురిదో తెలుస్తుందని ఆయన లెక్క. పెద్దోళ్లు కొందరు మా తుపాకి రిపేర్లో ఉండాదని చెప్పి పంపిచ్చినారు. నేను మాత్రం ఇస్త్రీ చొక్కా ఏసుకోని పొద్దున్నే పోయినా. దూది కూరిన పెట్టెలోకి కాల్పిచ్చి, గుండు తీసి సంచిలో కట్టి పెట్టుకున్న్యారు.”

“మంచిదే గదన్నా అది.”

“మంచిదే. నేనూ అట్లే అనుకుంటి.”

తర్వాతి కథ డేనియల్‌కు సగం తెలుసు. రెండు వేల నాలుగులో పుంగనూరు బయట ఎవరో ఒక స్థలాల వ్యాపారి మీద కాల్పులు జరిపారు. మనిషి బతికాడు. భుజంలోంచి తీసిన గుండు పోలీసుల చేతికొచ్చింది. లైసెన్సు ఉన్నవాళ్లందరినీ పిలిచారు. పోలీసులు దాచిపెట్టిన దేవరాజులు గుండును దానితో పోల్చి చూస్తే కలవలేదు. ఇక ఇంటికి పంపొచ్చు. పంపలేదు. ఎందుకైనా మంచిదని రివాల్వరు తీసుకుని మళ్లీ కాల్చి చూశారు. ఈ కొత్త గుండు వ్యాపారి భుజంలో దొరికినదానితోనూ కలవలేదు, దేవరాజులు పాత గుండుతోనూ కలవలేదు.

“నీ తుపాకి నీ తుపాకితోనే కలవలేదా?” డేనియల్‌కు నవ్వొచ్చింది, ఆపుకున్నాడు.

“నవ్వు, నవ్వు. వాళ్లూ నవ్వినారు. గొట్టం యాల మార్చినావు అన్న్యారు. మార్చలేదు సామీ, ఆయుధ పూజకు శుభ్రం చేసినా అంటి.”

అసలు సంగతి అదీ. దసరాకు ఊళ్లో ఆటోలు కడుగుతారు, మగ్గాలకు బొట్లు పెడతారు. దేవరాజులు రివాల్వరు విప్పేవాడు. పట్టాళంలో గొట్టంలో మసి కనిపిస్తే శిక్ష. ఆ భయం ఒంట్లోనే ఉండిపోయింది. ఒక వానాకాలం గొట్టంలో తుప్పు కనిపించేసరికి సన్నటి పుల్లకు గరుకు కాగితం చుట్టి అద్దంలా మెరిసేదాకా తోమాడు. మరుసటి దసరాకు మళ్లీ తోమాడు. ఆ మరుసటి దసరాకూ. పసుపు రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి దండం పెట్టుకున్నాడు. గుండు మీద గుర్తులు వేసే గొట్టంలోని పాత గీతలు ఆ కాగితానికి అంటుకుని పోయాయి.

“అయినా ఆ కాల్పులు నీవి కావని రెండు గుండ్లూ చెప్తాండాయి గదన్నా.”

“అదే నేనంటి. దానికేమన్న్యారో తెలుసునా? మొదట ఒక మాదిరి, ఇప్పుడొక మాదిరి ఉండాది, నడాన ఇంకొక మాదిరి ఉండుంటే, అప్పుడు నువ్వు కాల్చుంటే అన్న్యారు. ఇంక దానికేం చెప్పల్ల? తుపాకిని హైదరాబాదు ల్యాబుకు పంపినారు. నేనెప్పుడొచ్చి అడిగినా రిపోర్టు రాలేదంటారు. రెండేండ్లాయె.”

డేనియల్ కొంచెం ఆలోచించాడు. “అట్లని గుండ్లు దాచొద్దంటావా? మరి దొంగ దొరికేదెట్ల?”

“యాడ దొరికినాడు? ఇప్పటికీ దొరకలేదు. కాల్చింది నాటు పిస్తోలని ఊరంతా అనుకుంటాండారు. ఏదో షెడ్డులో లేతు మిషను మీద చేసిన దాన్ని ఎవుడు తీసుకొచ్చి ఈళ్ల దూది పెట్టెలో కాలుస్తాడప్పా? ఈళ్ల దగ్గర ఉండేది పిలిస్తే పోయినోళ్ల గుండ్లే. దాచొద్దని నేననలే. దాస్తే ఏటేటా పిలిచి మళ్లా కాల్పిచ్చు. ఆటోను ఏటేటా పరీక్ష చేసి ఎఫ్‌సీ ఇస్తాండారు గదా. తుపాకి అరగదా? ఒకసారి తీసి బీరువాలో పెట్టి, నువ్వు జన్మంతా ఇట్లనే ఉండల్ల అంటే ఎట్ల?”

టీ చల్లారిపోయింది. స్టేషన్ మెట్ల మీద నిల్చున్న కానిస్టేబుల్ వీళ్లవైపు చూసి తల తిప్పుకున్నాడు. “ఆయప్ప మంచోడే,” అన్నాడు దేవరాజులు. “నన్ను సూస్తే లోపలికి పోతాడు. నాకు చెప్పడానికి ఆయప్ప దగ్గర ఏమీ లేదు.”

అంతలో కుప్పం బస్సు వచ్చి ఆగింది. డేనియల్ సంచి భుజానికేసుకున్నాడు. దేవరాజులు బస్సు దాకా వచ్చి, ఎక్కబోతున్నవాడి చెయ్యి పట్టుకున్నాడు.

“క్వారీ పక్కకు పోతావు గదా. మేనేజరు సుబ్రమణ్యంతో ఒక మాట చెప్పు. తుపాకి వచ్చేదాకా కర్రతో కాపలా కాస్తా, ఆ గేటు ఇంకొకరికి ఇయ్యొద్దని. కర్రకైతే పోలీసోళ్లు పిలవరని కూడా చెప్పు.” చెయ్యి వదిలి మళ్లీ పట్టుకున్నాడు. “నేను చెప్పమన్నట్టు వద్దప్పా. నీకే తోచినట్టు అడుగు.”